కాటా ప్రోగ్రామ్‌కు వెర్షన్ నంబరు: ఒక కేస్ స్టడీ

2023 ఫిబ్రవరి. మిర్చి సీజన్ ఊపందుకున్న రోజులు. గుంటూరు దగ్గర హైవే పక్కన మా బాబాయ్ వాళ్లకు లారీల కాటా ఉంది. అక్కడ చీటీలు కొట్టే ప్రోగ్రామ్ నేను రాసిచ్చిందే. పైథాన్ భాషలో రాశాను, తెర దాని టికింటర్ లైబ్రరీతో కట్టాను, లెక్కలు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఫైల్లో పడతాయి. మొత్తం కలిపి తొమ్మిది వందల లైన్లు ఉంటుంది. పైఇన్‌స్టాలర్ అనే పనిముట్టుతో ఒకే ఈఎక్స్‌ఈ ఫైలుగా, అంటే నొక్కగానే నడిచే ఫైలుగా, కట్టి రెండు కంప్యూటర్లలో పెట్టాను. ఒకటి కాటా గదిలో, ఇంకోటి వెనక ఆఫీసులో.

ఆ రోజు మధ్యాహ్నం కాటా కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, కోల్డ్ స్టోరేజీ గుమస్తా గారు చీటీ పట్టుకుని ఇక్కడే కూర్చున్నారు. నికరం తప్పొచ్చిందంటున్నారు."

చీటీలో లోడు బరువు 15,480, ఖాళీ బరువు 5,260, నికరం 10,220 కిలోలు. లారీలో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, 230. గుమస్తా గారు మనసులోనే భాగించి చూసుకున్నారు. టిక్కీకి 44 కిలోలు దాటుతోంది, తాను ఎత్తించిన సరుకు 42 దగ్గర తూగాలి. ఆయన చెప్పిందే నిజం. అదే లారీ పొద్దున ఇంకో లోడుతో వచ్చి, 15,480 తూయించుకుని, ఖాళీ బరువు తర్వాత చూద్దామని వెళ్లిపోయింది. మధ్యాహ్నం రెండో లోడు తూగింది 14,920. సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చినప్పుడు ప్రోగ్రామ్ ఆ ఖాళీ బరువును తీసుకెళ్లి పొద్దుటి లోడుకు తగిలించింది. రావలసిన నికరం 9,660. తేడా 560 కిలోలు, అంటే ఐదున్నర క్వింటాళ్ల పైమాట. ఇంత మిర్చి కాగితం మీద ఊరికే పుట్టుకొస్తే అటు రైతుకూ ఇటు వ్యాపారికీ మధ్య ఎంత మాట వస్తుందో ఆ ప్రాంతంలో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది వేరే సంగతి. ఈ తప్పు నాకు ముందే తెలుసు. డిసెంబరులోనే సరిచేశాను. ఒకే బండి మీద రెండు లోడ్లు తెరిచి ఉంటే ఏది కావాలో అడిగి మరీ తగిలించేలా మార్చి, రెండు కంప్యూటర్లకూ పంపాను.

"తమ్ముడూ, నేను డిసెంబరులో ఇచ్చిన కొత్త ప్రోగ్రామే వాడుతున్నావా?"

"కొత్తదే అన్నా."

"ఏ కొత్తది?"

"డెస్క్‌టాప్ మీద 'కాటా కొత్తది' అని ఉంది కదా, అదే."

'కాటా కొత్తది' అక్టోబరులోది. డిసెంబరులో నేను పంపిన దాని పేరు 'కాటా కొత్తది 2'. తాను కొత్తదే వాడుతున్నానని ఆ కుర్రాడు అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. ఆ పేరు పెట్టింది నేనే.

ఏ ఫైలు ఏదో తేల్చడం

మర్నాడే వెళ్లాను. రెండు కంప్యూటర్లలో కలిపి నా ప్రోగ్రామ్ కాపీలు ఏడు దొరికాయి. డెస్క్‌టాప్ మీద రెండు, డౌన్‌లోడ్స్‌లో మూడు, పెన్‌డ్రైవ్ నుంచి అలాగే దించేసిన ఫోల్డర్లో రెండు. పేర్లను నమ్మడానికి లేదు. మిగిలినవి తేదీ, సైజు. రెండూ మోసం చేశాయి.

తేదీ ఎందుకు పనికిరాలేదో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్నే నమ్ముకుంటారు. కాటా గదిలోది పాత మెషీన్, 32 బిట్ విండోస్ 7. ఆఫీసులోది 64 బిట్ విండోస్ 10. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7 మీద నడవదు కాబట్టి రెండింటికీ 3.8తోనే కడుతున్నాను, కానీ 32 బిట్‌కు విడిగా ఇంకోసారి కట్టాలి. డిసెంబరులో ఆ రెండోసారి కట్టింది మా ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద. దాంట్లో ఉన్న కోడ్ అక్టోబరుది. సరిచేసిన కోడ్ దాంట్లోకి రాలేదని గమనించి మళ్లీ కట్టి పంపాను, కానీ మొదట కట్టిన ఫైలు అప్పటికే పెన్‌డ్రైవ్ ఎక్కి కాటా గదికి చేరింది. అంటే ఆ ఫైలు తేదీ డిసెంబరు, లోపలి కోడ్ అక్టోబరు. ఫైలు తేదీ అది ఎప్పుడు తయారైందో చెబుతుంది, దేనితో తయారైందో చెప్పదు.

సైజు సంగతి రెండు ముక్కల్లో. ఈఎక్స్‌ఈలో సింహభాగం పైథానే. నేను మార్చిన పదిహేను లైన్లు ఆ బరువులో కనబడవు.

ఇక మిగిలింది ఒక్కొక్కటే తెరిచి, ఒకే బండి నంబరుతో రెండు లోడ్లు తెరిచి, ఏది అడుగుతుందో ఏది అడగదో చూడటం. అలాగే తేల్చాను. ఆ తర్వాత లెక్కల ఫైల్లోకి వెళ్లి, ఒకే రోజు ఒకే బండి రెండుసార్లు తూగిన చీటీలన్నీ తీశాను. ఏ చీటీని పాత ప్రోగ్రామ్ రాసిందో, ఏది కొత్తది రాసిందో చెప్పే గుర్తు ఒక్క వరసలోనూ లేదు. ఒక్కోటీ చేత్తో సరిచూడాల్సి వచ్చింది. ఇంకో రెండు తప్పులు బయటపడ్డాయి. బాబాయ్ స్వయంగా ఆ పార్టీలకు ఫోన్ చేసి కొత్త చీటీలు ఇప్పించారు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

నంబరు ఎలా ఉండాలి

వెర్షన్ నంబరు అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది మూడు అంకెల పద్ధతి. 2013లో ప్రోగ్రామర్ టామ్ ప్రెస్టన్-వెర్నర్ రాసిన సెమాంటిక్ వెర్షనింగ్ 2.0.0 అనే నియమావళి దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. పాతవి పనిచేయకుండా పోయే మార్పయితే మొదటి అంకె, కొత్త సదుపాయం చేరితే రెండోది, తప్పు సరిదిద్దితే మూడోది పెరుగుతాయి. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లది తేదీ పద్ధతి, 24.04 అంటే 2024 ఏప్రిల్. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ అచ్చు పేజీలు కూర్చే తన టెక్ (TeX) ప్రోగ్రామ్‌కు గణితంలోని పై (π) విలువనే నంబరుగా పెట్టుకున్నాడు. సరిచేసిన ప్రతిసారీ ఒక అంకె చేరుతుంది, 2021లో వచ్చింది 3.141592653. ఇక మార్చక్కర్లేనంత ముగింపుకు చేరుతున్న ప్రోగ్రామ్‌కు అంతకన్నా అందమైన నంబరు నాకు కనబడలేదు.

నాకు తేదీ పద్ధతి వద్దనిపించింది. తేదీ చేతిలో అప్పుడే ఒకసారి దెబ్బ తిన్నాను. మూడు అంకెలే తీసుకున్నాను, కానీ వాటి అర్థం మా కాటాకు తగినట్టు మార్చుకున్నాను. లెక్కల ఫైలు అమరిక మారితే మొదటి అంకె. బరువు లెక్కగానీ చీటీ మీద కనబడేదిగానీ మారితే రెండోది. తెర మీద రంగు, బటను, అక్షరదోషం లాంటివైతే మూడోది. ఈ విభజన చేసింది ఫోన్‌లో మాట్లాడేటప్పటి కోసం. రెండో అంకె తేడా ఉందంటే డబ్బుకు సంబంధించిన తేడా ఉందని అటువైపు కుర్రాడికీ తెలియాలి.

మొదలు 1.0.0తో పెట్టలేదు. 2.0.0తో పెట్టాను. నంబరు లేనివన్నీ పాతవి, నంబరున్నవన్నీ 2 పైన. ఈ గీత స్పష్టంగా ఉండాలనుకున్నాను.

ఒకచోట రాసి నాలుగుచోట్ల చూపడం

కోడ్‌లో వెర్షన్ కోసం ఒక చిన్న ఫైలు పెట్టాను. దాంట్లో ఉండేది ఒక్కటే లైను, ఆ నంబరు. మిగతా అన్నీ అక్కడి నుంచే తీసుకోవాలి, ఇంకెక్కడా చేత్తో రాయకూడదు.

మొదట కిటికీ పైన టైటిల్ బార్‌లో పెట్టాను. అది ఒక నిమిషం పని. ఈఎక్స్‌ఈ పేరులోంచి 'కొత్తది' అనే మాటను పూర్తిగా తీసేశాను. ఎప్పుడూ ఒకటే పేరు, కాటా.

రెండోది చీటీ. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఇదే. ఆ రోజు అడిగింది గుమస్తా గారు. ఆయన చేతిలో ఉన్నది కంప్యూటర్ కాదు, కాగితం. తప్పు పట్టుకునేవాడి చేతిలో ఏముంటుందో నంబరు దాని మీద ఉండాలి. అందుకే చీటీ చివరి వరసలో 'వి 2.0.0' అని కొట్టించాను. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, చిల్లుల గీత దగ్గర చింపే కాగితం. మొదటి రోజు కొట్టిన చీటీలు చూస్తే సగం వాటిలో నంబరు లేదు. కుర్రాడు హడావుడిలో గీతకు కొంచెం పైన చింపుతాడు, ఆ చివరి వరస తర్వాతి చీటీ నెత్తిన పోతోంది. అంటే ఒక చీటీ నంబరు ఇంకో చీటీకి అంటుకుంటోంది. రెండూ ఒకే వెర్షనే కాబట్టి అప్పటికి నష్టం లేదు, కానీ వెంటనే దాన్ని సంతకం గీతకు పైకి, నికరం బరువు పక్కకు జరిపాను. నికరం ఉన్న ముక్కను ఎవరూ చింపుకోరు.

మూడోది లెక్కల ఫైలు. ప్రతి చీటీ వరసలో రెండు గళ్లు చేర్చాను. రాసిన ప్రోగ్రామ్ వెర్షన్ ఒకటి, కంప్యూటర్ పేరు ఒకటి. పాత చీటీని మళ్లీ కొట్టాలంటే రెండు నంబర్లు వస్తాయి, మొదట రాసినది, ఇప్పుడు కొడుతున్నది. నెల తర్వాత వచ్చి డూప్లికేట్ చీటీ అడిగే పార్టీలు ఎక్కువ. ఆ రెండు నంబర్లూ కలిసిపోతే ఈ కష్టమంతా మళ్లీ మొదటికొస్తుంది.

ప్రాపర్టీస్‌లో కనబడేది

నాలుగోది ఈఎక్స్‌ఈ ఫైలే. కుడి క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూస్తే ఫైల్ వెర్షన్, ప్రొడక్ట్ వెర్షన్, వివరణ కనబడతాయి కదా, అవి. ప్రోగ్రామ్ తెరవకుండానే ఏది ఏదో తేలిపోవాలంటే ఇదే దారి. నాకు ఎక్కువ సమయం పట్టింది కూడా ఇక్కడే.

పైఇన్‌స్టాలర్‌కు వెర్షన్ ఫైలని ఒక టెక్స్ట్ ఫైలు ఇవ్వవచ్చు. దాంట్లో రెండు భాగాలుంటాయి. మొదటిది అంకెల భాగం, నాలుగు గళ్లు. రెండోది మాటల భాగం, దాంట్లో కంపెనీ పేరు, వివరణ, వెర్షన్ మళ్లీ మాటగా రాస్తాం. ఒకే నంబరు రెండు రూపాల్లో రెండుచోట్ల ఉంటుందన్నమాట. అవి కలిసున్నాయో లేదో విండోస్ చూడదు. 2.1.0 కట్టినప్పుడు మాటల భాగం మార్చి అంకెల భాగం మర్చిపోయాను. ప్రాపర్టీస్‌లో ఫైల్ వెర్షన్ 2.0.0.32 అని (చివరి 32 సంగతి తర్వాత చెబుతాను), కొంచెం కింద ప్రొడక్ట్ వెర్షన్ 2.1.0 అని వచ్చింది. ఒకే పెట్టెలో రెండు నంబర్లు! ఎక్స్‌ప్లోరర్ ఫైల్ వెర్షన్‌ను అంకెల భాగం నుంచి, ప్రొడక్ట్ వెర్షన్‌ను మాటల భాగం నుంచి తీస్తుంది. అదే ఫైలును పవర్‌షెల్‌లో, అంటే విండోస్‌కు కమాండ్లు టైపు చేసే కిటికీలో, అడిగితే ఫైల్ వెర్షన్ కూడా మాటల్లో ఉన్నదే చెబుతుంది. ఆ రోజు నుంచి ఈ టెక్స్ట్ ఫైలును చేత్తో ముట్టుకోవడం మానేశాను. ఈఎక్స్‌ఈ కట్టే ముందు ఒక చిన్న స్క్రిప్టు ఆ ఒక్క లైను ఫైలు చదివి దీన్ని తయారుచేస్తుంది. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో చేర్చని మార్పులు కోడ్‌లో మిగిలి ఉంటే అక్కడే ఆగిపోతుంది, కట్టనివ్వదు. పాత ల్యాప్‌టాప్ మీద పాత కోడ్‌తో కట్టే ప్రమాదానికి కూడా దాంట్లోనే అడ్డుకట్ట వేశాను. ఆ నంబరుకు గిట్‌లో ట్యాగ్ అనే గుర్తు వేసిన కోడూ, మెషీన్‌లో ఉన్న కోడూ ఒకటి కాకపోతే పని సాగదు.

నాలుగో గడిలో ఏం పెట్టాలన్నది కొంత ఆలోచించాను. కట్టిన తేదీ పెడదామనుకున్నాను, 20230310 అని. ఒక్కో గడికి 16 బిట్లే, 65,535 దాటి పట్టదు. ఎనిమిది అంకెల తేదీ అందులో ఇమడదు. అందుకని దాంట్లో 32 లేదా 64 పెట్టాను. మా రెండు మెషీన్ల తేడా అదే కాబట్టి, 2.0.0.32 అని చూడగానే కాటా గదిదని తెలుస్తుంది.

ఇక తెలుగు. వివరణ దగ్గర 'కాటా చీటీ' అని తెలుగులో రాయాలని నా కోరిక. టాస్క్ మేనేజర్‌లో ఈ వివరణ కనబడుతుంది కాబట్టి, కుర్రాడు ప్రోగ్రామ్ బిగుసుకుపోయినప్పుడు దాన్ని వెతుక్కోవడం సులువవుతుంది. మాటల భాగానికి ఒక భాష కోడ్ పేరుగా ఉంటుంది. ఎక్కడ నమూనా చూసినా 040904బీ0 అనే ఉంటుంది. దీంట్లో 0409 అంటే అమెరికా ఇంగ్లిష్, 04బీ0 అంటే యూనికోడ్. హెక్స్ అనే పదహారు అంకెల పద్ధతిలోంచి మామూలు అంకెల్లోకి మారిస్తే 1033, 1200. తెలుగు కోడ్ 044ఏ, అంటే 1098. పేరును 044ఏ04బీ0 అని మార్చి కట్టాను. ప్రాపర్టీస్ తెరిస్తే వివరణ ఖాళీ, ప్రొడక్ట్ పేరు ఖాళీ. ఫైల్ వెర్షన్ మాత్రం ఉంది, అది అంకెల భాగం నుంచి వస్తుంది కాబట్టి.

గంటసేపు ఫాంటు తప్పేమో, ఎన్‌కోడింగ్ (ఫైల్లో అక్షరాలను దాచే పద్ధతి) తప్పేమో అని తిరిగాను. తప్పు అది కాదు. అదే ఫైలు అడుగున ట్రాన్స్‌లేషన్ అనే ఇంకో వరస ఉంటుంది. ఏ భాష మాటలు వెతకాలో విండోస్‌కు చెప్పేది అదే. అక్కడ ఇంకా 1033, 1200 అనే ఉంది. విండోస్ ఇంగ్లిష్ భాగం కోసం వెతికింది, దొరకలేదు, ఖాళీ చూపించింది. దాన్ని 1098, 1200 చేసి, ఫైలును యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో దాచి మళ్లీ కట్టగానే డీటెయిల్స్‌లో భాష దగ్గర తెలుగు అని, వివరణ దగ్గర 'కాటా చీటీ' అని వచ్చాయి. విండోస్ 7లోనూ అక్షరాలు చక్కగా కనబడ్డాయి. మన భాషకు 1098 అనే నంబరు కేటాయించి అన్నేళ్లుగా విండోస్ లోపల ఉంచారు. దాన్ని వాడిన ఈఎక్స్‌ఈ నా చేతుల్లోనే తయారవడం నాకు నిజంగా సంతోషమనిపించింది.

ఈ సమాచారం ఏం చేయదో కూడా చెప్పాలి. తెలియని పబ్లిషర్ అంటూ విండోస్ ఇచ్చే హెచ్చరిక దీనితో పోదు. దానికి డబ్బు పెట్టి కొనే సర్టిఫికెట్‌తో సంతకం చేయాలి. వెర్షన్ సమాచారం ఎవరైనా ఏదైనా రాసుకోగలిగే చీటీ లాంటిది, అది ముద్ర కాదు.

పాతది కొత్త లెక్కల జోలికి రాకుండా

నంబరు కనబడితే చాలదు. ఎక్కడో మిగిలిపోయిన పాత కాపీని ఎవరైనా తెరిస్తే? ఎస్‌క్యూలైట్ ఫైలు తలభాగంలో యూజర్ వెర్షన్ అని ఒక పూర్ణాంకం ఉంటుంది. ఎస్‌క్యూలైట్ దాన్ని తన పనికి వాడుకోదు, మనకే వదిలేసింది, మొదట సున్నా ఉంటుంది. నేను దాంట్లో 2 రాశాను. ప్రోగ్రామ్ తెరవగానే ఆ అంకె చదువుతుంది, తనకు తెలిసినదానికన్నా పెద్దదైతే 'ఈ లెక్కలు కొత్త ప్రోగ్రామ్‌వి' అని చెప్పి ఆగిపోతుంది.

కానీ నంబరు లేని ఆ పాత కాపీలకు ఈ అంకె చదవాలని తెలియదు కదా. వాటికోసం లెక్కల ఫైలు పేరే మార్చాను. పాతది తెరిస్తే తన ఫైలు దొరకక ఎస్‌క్యూలైట్ కొత్త ఖాళీ ఫైలు పుట్టిస్తుంది, చీటీ నంబరు 1 నుంచి మొదలవుతుంది. వేలల్లో నడుస్తున్న చీటీ నంబరు ఒక్కసారి 1 అయితే కాటా గదిలో ఎవరైనా ఆగుతారు. మార్చిలో ఒకరోజు నిజంగానే అలా జరిగింది, కుర్రాడు మొదటి చీటీ కొట్టకముందే ఫోన్ చేశాడు.

2.9 తర్వాత

రెండు కంప్యూటర్లూ ఒకే వెర్షన్ మీద ఉన్నాయో లేదో ప్రోగ్రామే చూసుకోవాలని తర్వాత ఒక చిన్న ఏర్పాటు చేశాను. ఆఫీసు మెషీన్‌లో పంచుకున్న ఫోల్డర్లో ఒక టెక్స్ట్ ఫైలు, దాంట్లో తాజా నంబరు. ప్రోగ్రామ్ తెరిచినప్పుడు దాన్ని చదివి, తనకన్నా పెద్దదైతే పైన పసుపు పట్టీ చూపిస్తుంది. ఆపదు, బలవంతంగా మార్చదు. బయట పది లారీలు వరసలో ఉన్నప్పుడు అప్‌డేట్ పేరుతో కాటా ఆగకూడదు. నెట్‌వర్క్ తెగిపోయి ఉంటే ఆ ఫైలు కోసం విండోస్ చాలాసేపు ఎదురుచూస్తుంది కాబట్టి, ఆ చదవడాన్ని మిగతా పని ఆగకుండా పక్కన నడిచే విడి థ్రెడ్‌లో పెట్టాను.

2.9.0 దాకా బాగానే సాగింది. 2024 జనవరిలో 2.10.0 పెట్టాను. కాటా గదిలో ఇంకా 2.9.0 ఉంది, పసుపు పట్టీ రాలేదు. రెండు నంబర్లనూ మాటలుగానే పోలుస్తున్నాను. మాటగా చూస్తే చుక్క తర్వాత 9 కన్నా 1 చిన్నది, కాబట్టి 2.10 కన్నా 2.9 పెద్దది! పైథాన్ 3.10 వచ్చిన 2021లో, వెర్షన్‌లో మొదటి మూడు అక్షరాలు కత్తిరించి చూసే ప్రోగ్రామ్‌లు దాన్ని 3.1 అనుకుని తడబడ్డాయి. అది చదివి కూడా నా కోడ్‌లో చూసుకోలేదు. చుక్కల దగ్గర విడగొట్టి, ఒక్కో ముక్కనూ పూర్ణాంకం చేసి, టపుల్‌గా, అంటే అంకెల వరసగా, పోలిస్తే సరిపోయింది. ఒక్క లైను మార్పు. చిక్కేమిటంటే ఆ లైను లేని 2.9.0 తనంతట తాను పాతదని ఎప్పటికీ తెలుసుకోలేదు. వెళ్లి చేత్తో మార్చి వచ్చాను.

ఆ సీజన్లో ఇంకో ఫోన్ వచ్చింది. "అన్నా, ఒక చీటీలో పార్టీ పేరు సగమే పడింది. చీటీ మీద 2.10.0 ఉంది, డూప్లికేట్‌లో 2.10.0 పక్కన 2.11.0 ఉంది." పార్టీ పేరు కత్తిరింపు 2.11.0లో సరిచేసిందే. మొదట కొట్టినప్పుడు తప్పు, మళ్లీ కొడితే సరిగ్గా వచ్చింది. నేను కంప్యూటర్ తెరవాల్సిన పని లేకపోయింది. "డూప్లికేటే ఇచ్చెయ్, తమ్ముడూ" అన్నాను.

పైథాన్ 3.8కు మద్దతు 2024 అక్టోబరుతో ఆగిపోయింది. కాటా గదిలోని విండోస్ 7 మెషీన్ మారిస్తే తప్ప నేను ముందుకు వెళ్లలేను. బాబాయ్ వచ్చే సీజన్‌లోపు మారుద్దామన్నారు. అప్పుడు నాలుగో గడిలో 32 ఉండదు.